బయటికి వెళ్ళిపోయిన కాటా పేజీ

పొద్దున్న ఏడున్నరకి లారీలు తూచే కాటా గదిలో సూర్యకళ ఎప్పటిలాగే కంప్యూటర్ ఆన్ చేసింది. అది గురగురమంటూ లేచేలోగా బల్ల తుడిచింది. సింహాద్రి అప్పన్న పటం ముందు రెండు అగరొత్తులు వెలిగించి కుర్చీలో కూర్చుంది. కాటా బొమ్మ మీద టకటకా రెండుసార్లు నొక్కింది.

రోజూ అయితే ఆ నొక్కుడుకి ఆకుపచ్చ పేజీ ఒకటి మానిటర్ నిండా పరుచుకుంటుంది. లారీ నంబరు రాయడానికి ఒక గడి, సరుకు పేరుకి ఒక గడి, బరువుకి ఒక పెద్ద గడి. ఆ వేళ పరుచుకోలేదు. ఇసక గడియారం కాసేపు తిరిగి ఆగిపోయింది. యజమాని గురునాథరావు గారి మనవరాలు బోసినోటితో నవ్వుతున్న ఫొటో తప్ప మానిటర్ మీద మరేమీ లేదు.

సూర్యకళ మళ్ళీ నొక్కింది. మళ్ళీ గడియారం, మళ్ళీ బోసినవ్వు.

బయట కాటా ప్లేటు మీద అప్పటికే తుక్కు ఇనుము లారీ ఎక్కి నిలబడి ఉంది. దాని డ్రైవరు, సూర్యకళని అక్క వరసలో అప్పా అని పిలిచే తారిఖ్, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"ఏటప్పా, నన్నూ నా బండినీ ఇక్కడే ఉంచి గుడి కట్టేత్తావా ఏటి?"

"ఉండు నాయినా, పేజీ రాట్లేదు."

"రాట్లేదంటే? నా ఎనకాల నాలుగు బళ్ళున్నాయి సూడు."

ఉన్నాయి. పద్మనాభం ఊరి వైపు నుంచి వచ్చిన ఊక బస్తాల లారీ, దాని వెనక ఇనప చువ్వల ట్రాలీ, ఆ వెనక ఇంకో రెండు. పోర్టు రోడ్డు మీద బళ్ళు ఆగితే వాటికి నోళ్ళు లేస్తాయి. మొదటి హారన్ మోగింది.

నిన్న ఇంటికెళ్ళే ముందు తను ఏం నొక్కిందో, ఏం నొక్కకూడనిది నొక్కిందో సూర్యకళకి ఎంత తలుచుకున్నా గుర్తుకి రాలేదు.

ఆ గదిలో ఆ కుర్చీలో పదిహేడేళ్ళు కూర్చున్నది ఆమె మొగుడు భీమశంకరరావు. అతను పోయిన మూడో నెల గురునాథరావు గారు కబురు పంపించి, "శంకరం కుర్చీలో ఇంకొకర్ని చూడలేకపోతున్నానమ్మా. నేర్చుకుంటానంటే నువ్వే వచ్చి కూర్చో" అన్నాడు. అప్పటికి ఆమెకి నలభై నాలుగేళ్ళు. తెలుగు అక్షరాలు తమ ఊరు పద్మనాభంలో పక్కింటి అనూరాధ టీచరమ్మ దగ్గర అప్పుడప్పుడే కూడబలుక్కుంటోంది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం లారీలే నేర్పాయి. ఏ, పీ మన బళ్ళవి. ఓ, డీ ఒడిశావి. సీ, జీ ఛత్తీస్‌గఢ్‌వి. నంబరు ప్లేటు చూసి, కీబోర్డు మీద అదే ఆకారం వెతుక్కుని ఒక్కో వేలితో కొట్టేది. ఏడాది తిరిగేసరికి వెతుకులాట పోయింది. ఇప్పుడు చూడకుండా కొడుతుంది.

కాటా దగ్గర పెద్ద తగువు బరువు గురించి కాదు, బరువు కనపడకపోవడం గురించి. "లోపల కూకుని ఏటి నొక్కుతన్నారో మాకేటి తెలుసు" అని డ్రైవర్లు రోజూ గొడవ పడేవాళ్ళు. ఆ గొడవ పడలేక గురునాథరావు గారు ఇంకో మానిటర్ కొని, గది కిటికీకి బయటి మొహంగా బిగించాడు. అప్పట్నించీ పద్ధతి ఒకటే. లోపలి మానిటర్ మీద పేజీ నింపాలి. నింపాక మౌసుతో పట్టుకుని ఆ పేజీని బయటి మానిటర్ మీదికి తొయ్యాలి. డ్రైవరు తన బండి నంబరూ బరువూ కళ్ళారా చూసుకుని చెయ్యెత్తి "సరే" అనాలి. అప్పుడు ఎంటర్ కొడితే చీటీ వస్తుంది. తర్వాత పేజీని మళ్ళీ లోపలికి లాక్కోవాలి. రోజుకి వంద బళ్ళయితే వంద తోపులూ వంద లాగుళ్ళూ.

ఇందులో ఒక తిరకాసు ఉంది. కిటికీ సూర్యకళకి ఎడమ చేతివైపు. కాబట్టి బయటి మానిటర్ కూడా ఎడమవైపే. కానీ దాన్ని బిగించిన ఎలక్ట్రీషియన్ ఏం చేశాడో ఏమో, కంప్యూటర్ మాత్రం అది కుడి పక్కనుందనుకుంటుంది. మౌసు కుడికి తోస్తే పేజీ కుడి అంచులోకి జారిపోయి ఎడమవైపు కిటికీలో తేలుతుంది. మొదటి వారం సూర్యకళ ఎడమకి లాగి లాగి అలిసిపోయింది. తర్వాత చేతికి అలవాటైపోయింది. అలవాటయ్యాక ఆ సంగతే మరిచిపోయింది, చెప్పులు ఏ కాలికి ముందు తొడుక్కుంటామో మనకి గుర్తుండనట్టు.

నిన్న సాయంత్రం ఈదురుగాలి లేచింది. ఆఖరి లారీ మీద కప్పిన టార్పాలిన్ తాడు గాలికి ఎగిరి వచ్చి బయటి మానిటర్‌కి చుట్టుకుంది. డ్రైవరు అది చూసుకోకుండా బండి కదిలించాడు. మానిటర్ ఊడి కాటా ప్లేటు మీద పడి ముక్కలైంది. వాన మొదలైంది. పద్మనాభం వెళ్ళే బస్సు వేళ దాటిపోతోంది. సూర్యకళ గబగబా కంప్యూటర్ ఆపి, గదికి తాళం వేసి పరుగెత్తింది.

అంతే జరిగింది. ఆ అంతేలో ఏదో తప్పు చేసింది తనే. ఆమె మనసుకి అలాగే తోచింది.

ఎనిమిదికి గురునాథరావు గారు స్కూటర్ మీద వచ్చాడు. గోదావరి నుంచి వచ్చి నలభై ఏళ్ళయినా మాటలో ఆ సాగదీత పోలేదు. వస్తూనే కంప్యూటర్ ఆపి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆపి, మళ్ళీ పెట్టాడు. మూడోసారి దాని నెత్తి మీద ఒక్కటిచ్చాడు కూడా.

"డిలీట్ అయిపోయిందమ్మా. నిన్న ఏదో నొక్కేసుంటావు."

"నాను ఎప్పుడూ నొక్కినియ్యే నొక్కాను బాబూ."

"నొక్కకపోతే ఎలా పోద్దండి మరి? గాలికి కొట్టుకుపోద్దా?"

ఆయన కోపిష్టి కాదు. కంగారు మనిషి. వెనక హారన్లు మోగుతుంటే ఆ కంగారు ఇంకా పెరిగింది. ఫోన్ తీసి కొత్త మిషన్లు అమ్మేవాళ్ళకి చేశాడు. "ఆయ్, పాత ప్రోగ్రామేనండి. దాన్ని చేసినాళ్ళు కొట్టు ఎత్తేసి పదేళ్ళయింది. మళ్ళీ ఎక్కిద్దామంటే సీడీ కూడా లేదు. మొత్తం కొత్తదే వేసేయండి. పదిన్నరకా? వచ్చేయండి, వచ్చేయండి."

ఫోన్ పెట్టి సూర్యకళ వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ అన్నాడు.

"కొత్తదంటే అన్నీ పాస్‌వర్డులూ, ఇంటర్నెట్టూ ఉంటాయంటమ్మా. మా తోడల్లుడి కూతురు శ్రీసత్య కంప్యూటర్ కోర్సు చేసి ఖాళీగా ఉంది. దాన్ని రమ్మంటాను. నువ్వు కొన్నాళ్ళు ఇంటి దగ్గర రెస్టు తీసుకో."

రెస్టు. ఆ మాటకి అర్థం ఏమిటో సూర్యకళకి ఏ టీచరమ్మా చెప్పనక్కర్లేదు. పదిన్నరకి కొత్త పెట్టె వస్తుంది. దాని వెనక శ్రీసత్య వస్తుంది. మొగుడి కుర్చీ, తను ఒక్కో అక్షరం పట్టుకుని ఎక్కి కూర్చున్న కుర్చీ, ఇక తనది కాదు. గోడ గడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తోంది.

"పదిన్నర దాకా నన్ను సూడనివ్వండి బాబూ" అంది.

"ఏం చూస్తావమ్మా అందులో? ఏమీ లేందే!"

"లేకపోతే లేదని సూత్తాను."

ఆయన తల కొట్టుకుంటూ డ్రైవర్లని సముదాయించడానికి బయటికెళ్ళాడు.

సూర్యకళ చీరకొంగుతో చేతులు తుడుచుకుని మానిటర్‌ని పై నుంచి కింది దాకా మెల్లిగా చూసింది. నంబరు ప్లేటు చదివేటప్పుడు ఎలా చూస్తుందో అలా, ఏదీ వదలకుండా. పైన ఏమీ లేదు. పక్కల ఏమీ లేదు. అడుగున నీలంరంగు పట్టీ మీద మాత్రం ఒక చిన్న గడి ఉంది. దాని మీద కాటా బొమ్మ ఉంది. రోజూ పేజీ తెరిచి ఉన్నప్పుడే ఆ గడి ఉంటుంది. పేజీ మూస్తే పోతుంది.

అంటే పేజీ తెరిచే ఉంది.

తెరిచి ఉంటే కనపడదేం?

ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. ఆ గడి మీద ఒకసారి నొక్కింది. ఇక మానిటర్ వైపు చూడలేదు. కళ్ళు తారిఖ్ లారీ నంబరు ప్లేటు మీద పెట్టి రోజూ ఎలా కొడుతుందో అలాగే కొట్టింది. నంబరు కొట్టి ట్యాబ్ నొక్కింది. సరుకు పేరుకి కోడు కొట్టి ట్యాబ్ నొక్కింది. బల్ల మీదున్న ఎర్రంకెల డబ్బాలో బరువు నిలబడే దాకా ఆగి, ఎంటర్ కొట్టింది.

పక్కన ప్రింటరు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని కర్‌ర్‌మంది.

సూర్యకళ ఉలిక్కిపడింది. చీటీ బయటికొచ్చింది. నంబరు తారిఖ్‌దే. తుక్కు ఇనుము. ఇరవై ఏడు టన్నుల నాలుగు వందల కేజీలు. ఎర్రంకెల డబ్బాలో ఉన్నది కూడా అదే.

"బాబూ! బతికే ఉంది బాబూ!"

గురునాథరావు గారు పరుగున వచ్చి చీటీ చూసి మానిటర్ చూశాడు. మానిటర్ మీద మనవరాలు అలాగే నవ్వుతోంది. "ఇదేం చోద్యమమ్మా!" అని చీటీని తిరగేసి కూడా చూశాడు. అంతలో మొహం వెలిగిపోయింది. "అయితే ఇంకేం! ఈ వేళకి ఇలాగే కొట్టేసెయ్!"

"ఏటి కొట్టేసేది?" కిటికీ అవతల నుంచి తారిఖ్ అందుకున్నాడు. "నాను సూడలేదు గదా! సూడకుండా సీటీ తీసుకోమంటే ఎలా తీసుకుంటానండీ?"

"సరిగ్గానే వచ్చింది కదయ్యా, చూసుకో!"

"నాకు సరిగ్గా వచ్చింది. నా ఎనకోడికి నా నంబరే పడితే? మీరే గదా పెట్టారు రూలు, కళ్ళతో సూసుకున్నాకే సరే అనాలని!"

"అవునవును, సూపించాల్సిందే!" అని వెనక బళ్ళవాళ్ళు కూడా దిగి వచ్చారు. పక్కన టీ డబ్బా నడిపే నూకాలు గ్లాసులు కడుగుతున్నదల్లా చేతులు దులుపుకుని తనూ వచ్చి నిలబడింది. ఆ రోడ్డు మీద తగువు ఏదైనా నూకాలు లేకుండా జరగదు.

సూర్యకళ చీటీని ఎర్రంకెల డబ్బా కింద పెట్టింది. "తారిఖ్ సెప్పింది నిజవే బాబూ. నా కళ్ళకి కనపడకుండా నొక్కిన సీటీ నాను ఎవరికీ ఇవ్వను. రేపు తేడా వస్తే ఆ మాట ఎవరు పడతారు?"

"మరేం చేద్దామంటావు?"

ఆమె బల్ల కిందికి వంగింది. కంప్యూటర్ పెట్టె పక్కన ఒక పాత స్టిక్కర్ ఉంది. భీమశంకరరావు ఉన్నప్పుడు దాన్ని అమ్మిన కొట్టుది. ఒక్కో అక్షరం చదివింది. "ర... జా... క్. కంప్యూటర్స్. వన్ టౌన్. నంబరు చివర్న సెరిగిపోయింది."

"రజాక్ చాచా కొట్టా!" తారిఖ్ చటుక్కున లారీ దిగేశాడు. "అది మా వీధిలోదే అప్పా. ఉండు, నా దగ్గరుంది నంబరు." ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, కిటికీ ఊచల మధ్య నుంచి సూర్యకళ చేతికిచ్చాడు.

అవతల రజాక్ భార్య చాంద్ సుల్తానా గొంతు పలికింది. "హలో, రజాక్ కంప్యూటర్స్."

"చాచీ, నాను తారిఖ్‌ని. చాచా ఉన్నారా?"

"లేర్రా. అనకాపల్లిలో నిఖా ఉంటే తెల్లారే వెళ్ళారు. మీ అమ్మ మోకాలు ఎలా ఉంది?"

"అలాగే ఉంది చాచీ. ఇక్కడ కాటా కంప్యూటర్ మొండికేసింది. సాయంత్రం దాకా ఆగాలంటే మాకు కుదరదు."

"ఎవరు ఆగమన్నారు? నాకు చెప్పండి. ఇరవై రెండేళ్ళుగా ఈ కొట్లో ఆయన పక్కనే కూర్చుంటున్నాను. ఆయన ఫోన్‌లో చెప్పేవన్నీ వింటూనే ఉన్నాను. మిషన్ దగ్గర ఎవరున్నారు?"

"నాను అమ్మా, సూర్యకళని." పొద్దున్న జరిగిందంతా చెప్పింది. పేజీ రాలేదని, గడి మాత్రం ఉందని, చూడకుండా కొడితే చీటీ వచ్చిందని.

అంతా విని చాంద్ సుల్తానా అడిగింది. "బేటీ, అక్కడ ఇంతకుముందు రెండు మానిటర్లు ఉండేవా?"

సూర్యకళ నివ్వెరపోయింది. తను ఆ మాటే చెప్పలేదు. "ఉండీయి అమ్మా! బయటిది నిన్న సాయంత్రం పడి ముక్కలైపోయింది."

"పడేటప్పుడు నీ పేజీ ఎందులో ఉంది?"

ఆ ప్రశ్నతో నిన్నటి సాయంత్రం సూర్యకళ కళ్ళ ముందుకి వచ్చి నిలబడింది. గాలి. ఎగురుతున్న తాడు. తను పేజీ నింపి, బయటికి తోసి, చీటీ కొట్టింది. డ్రైవరు చీటీ అందుకుని బండి కదిలించాడు. పేజీని ఇంకా లోపలికి లాక్కోలేదు.

"బయటే ఉండిపోయిందమ్మా" అంది మెల్లిగా. "నాను లోపలికి లాక్కోలేదు. అలాగే ఆపేసి ఎళ్ళిపోయాను."

"అంతే! అది చావలేదు, డిలీటూ కాలేదు. నువ్వు ఎక్కడ వదిలేశావో పొద్దున్న అక్కడే తెరుచుకుంది. అక్కడ మానిటర్ లేదని పాపం దానికి ఎవరు చెప్పారు?"

కిటికీ దగ్గర నూకాలు బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మ! అయితే గాల్లో ఉన్నాదా పేజీ?"

"గాల్లోనే ఉంది" అంది ఫోన్‌లో చాంద్ సుల్తానా నవ్వుతూ. "లోపలికి తెచ్చుకోవాలి. అడుగున ఉన్న గడి మీద మౌసు పెట్టు. కుడివైపు బటన్ నొక్కు. చిన్న జాబితా వస్తుంది."

"వచ్చింది."

"ఎమ్‌తో మొదలయ్యే మాట ఉందా?"

సూర్యకళ కళ్ళు చిట్లించింది. ఎమ్ ఆమెకి తెలుసు. మహారాష్ట్ర లారీల మొదటి అక్షరం. "మూడున్నాయమ్మా ఎమ్‌లు!"

"మూడిట్లో పొట్టిది. నాలుగక్షరాలది."

"ఉంది. కానీ ఎలిసిపోయినట్టుంది. నొక్కితే కదల్లేదు."

"అలాగా! అయితే పేజీ నిండుగా పరుచుకుని ఉంది. పరుచుకున్నదాన్ని జరపనివ్వదు. ముందు దాన్ని కుదించాలి. అన్నిటికంటే పైన ఆర్‌తో మాట ఉంటుంది చూడు."

"ఆర్ అంటే రాజస్థాన్ పాలరాయి లారీదా?"

"ఏమో బేటీ, నాకు లారీలు తెలీవు" అని చాంద్ సుల్తానా తెల్లబోయింది. తారిఖ్ పకపకా నవ్వి, "అదే అప్పా, అదే!" అన్నాడు.

ఆర్ మీద నొక్కింది. మళ్ళీ గడి మీద కుడి బటన్ నొక్కింది. జాబితా వచ్చింది. ఈసారి పొట్టి ఎమ్ నల్లగా, నిండుగా ఉంది.

"నల్లబడిందమ్మా!"

"షాబాష్. దాని మీద నొక్కి మౌసు వదిలెయ్. ఇక ముట్టుకోకు. కీబోర్డు మీద నాలుగు బాణాలుంటాయి కదా, పేజీని వాటితోనే నడిపించాలి. పోయిన మానిటర్ నీకు ఏ పక్కనుండేది?"

"ఎడం పక్క, కిటికీ దగ్గర."

"అయితే పేజీ ఎడమన ఉంది. కుడికి రావాలి. కుడి బాణం నొక్కి పట్టుకో. వదలకు. కనపడే దాకా వదలకు."

సూర్యకళ కుడి బాణం మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంది. గురునాథరావు గారు ఆమె భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. కిటికీ ఊచలకి డ్రైవర్లందరూ నూకాలూ మొహాలు ఆనించారు. వెనక హారన్ కొట్టడానికి కూడా బళ్ళలో ఎవరూ మిగల్లేదు. వంద లెక్కపెట్టేంత సేపు గడిచింది. మానిటర్ ఎడమ అంచున ఏమీ కదల్లేదు. వేలు తిమ్మిరెక్కింది.

"రాట్లేదమ్మా."

"ఇంకాస్త పట్టుకో."

ఇంకాస్త పట్టుకుంది. రాలేదు.

"ఒక్క నిమిషం ఉండు బేటీ, కొట్లోకి ఎవరో వచ్చారు" అంది చాంద్ సుల్తానా. ఫోన్ ఎక్కడో బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

గురునాథరావు గారు నిట్టూర్చి నిటారుగా లేచాడు. గడియారం తొమ్మిదీ యాభై. "పోనీలేమ్మా. నువ్వు చెయ్యగలిగింది చేశావు."

సూర్యకళకి ఆ మాట వినపడింది కానీ తలకెక్కలేదు. ఆమె ఒక్కటే ఆలోచిస్తోంది. పేజీ బయటికి వెళ్ళింది. తనే పంపింది. రోజుకి వందసార్లు పంపుతుంది. ఏ దారిన పంపిందో ఆ దారినే కదా వెనక్కి రావాలి. ఎలా పంపుతుంది తను?

మౌసు ముట్టుకోవద్దన్నారు కాబట్టి దాని పక్కన ఖాళీ బల్ల మీద అరచెయ్యి బోర్లించి పెట్టింది. కళ్ళు మూసుకుంది. కిటికీ బయట డ్రైవరు ఉన్నాడనుకుంది. పేజీ నింపేశాననుకుంది. అనుకుని చేతిని దాని మానాన దాన్ని వదిలేసింది.

చెయ్యి కుడికి వెళ్ళింది.

కళ్ళు తెరిచి తన చేతినే వింతగా చూసుకుంది. మళ్ళీ కళ్ళు మూసుకుని ఇంకోసారి తోసింది. మళ్ళీ కుడికే.

"ఓలమ్మ!" అంది పైకే. "మానిటర్ ఎడం పక్కే. కానీ నాను తోసేది కుడికి! మొదట్నించీ కుడికే!"

"ఏంటమ్మా?" అన్నాడు గురునాథరావు గారు.

ఆయనకి చెప్పే తీరిక ఆమెకి లేదు. కుడికి పోయింది ఎడమకి రావాలి. ఇంతసేపూ తను దాన్ని ఇంకా దూరం తరిమింది. తరిమినంత మేరా తిరిగి రావాలి కదా. ఎడమ బాణం మీద వేలు పెట్టి, పళ్ళు బిగించి, నొక్కి పట్టుకుంది.

వంద లెక్కపెట్టింది. రాలేదు. వదల్లేదు. నూట యాభై. రెండు వందలు.

మానిటర్ కుడి అంచు మీద దారప్పోగంత ఆకుపచ్చ గీత పడింది.

గీత వేలంత అయింది. వేలు జానెడయింది. మనవరాలి బోసినవ్వు మీదుగా మెల్లిమెల్లిగా జరుగుతూ ఆకుపచ్చ పేజీ లోపలికి వచ్చేసింది. నంబరు గడి, సరుకు గడి, బరువు గడి, ఏదీ చెక్కు చెదరకుండా. సూర్యకళ వేలు తీసి ఎంటర్ కొట్టింది. పేజీ అక్కడే కూర్చుండిపోయింది.

కిటికీ బయట ఒక్కసారి గోల లేచింది. తారిఖ్ లారీ దగ్గరికి పరుగెత్తి హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. ఈసారి దాన్ని ఎవరూ తిట్టలేదు.

"హలో, హలో! ఆ చప్పుడేంటి? ఏమైంది?" ఫోన్‌లో చాంద్ సుల్తానా కంగారు పడుతోంది.

"వచ్చిందమ్మా! కుడి పక్క నుంచి వచ్చింది!" సూర్యకళ ఫోన్ అందుకుంది. "మా మానిటర్ తిరకాసుది. సెప్పడం మరిసిపోయాను."

"కుడి నుంచా!" అంది చాంద్ సుల్తానా. "ఇరవై రెండేళ్ళలో ఇది నాకూ కొత్తే. ఆయన రాగానే చెప్తాను. ఎప్పుడైనా వన్ టౌన్ వస్తే కొట్టుకి రా బేటీ, చాయ్ తాగి వెళ్దువుగాని."

ఫోన్ తారిఖ్‌కి తిరిగిచ్చాక సూర్యకళ లేచింది. పేజీ అయితే వచ్చింది. దాన్ని చూపించడానికి బయట మానిటర్ లేదు. తను కుర్చీ వెనక్కి జరిపి, లోపలి మానిటర్‌ని రెండు చేతులా ఎత్తి, వైరు అందినంత మేర కిటికీ దగ్గరికి తెచ్చి పక్కవాటుగా తిప్పి పెట్టింది. ఇటు నుంచి తనకీ కనపడుతుంది, అటు నుంచి డ్రైవరుకీ కనపడుతుంది. డబ్బా కిందున్న పాత చీటీ చించేసింది. తారిఖ్ నంబరు మళ్ళీ మొదట్నించీ కొట్టింది.

"కనపడతందా?"

తారిఖ్ స్టీరింగ్ ముందు నుంచి మెడ చాచి నంబరు చూశాడు, బరువు చూశాడు, కావాలని ఇంకోసారి కూడా చూశాడు.

"కనపడతంది అప్పా. సరే!" అని చెయ్యెత్తాడు.

ప్రింటరు కర్‌ర్‌మంది. తుక్కు ఇనుము లారీ కాటా ప్లేటు దిగి పోర్టు వైపు తిరిగింది. ఊక బస్తాల లారీ ఎక్కింది.

పదిన్నరకి కొత్త మిషన్ వాళ్ళు ఆటోలో అట్టపెట్టెతో దిగారు. అప్పటికి వరసలో రెండు బళ్ళే మిగిలాయి. గురునాథరావు గారు వాళ్ళకి ఎదురెళ్ళి, చేతులు పట్టుకుని, ఏవో నాలుగు మాటలు చెప్పి, నూకాలు దగ్గర టీ తాగించి, అదే ఆటోలో వెనక్కి పంపించాడు. ఆ తర్వాత చెట్టు నీడన నిలబడి ఇంకో ఫోన్ చేశాడు. "శ్రీసత్యా, నువ్వేం కంగారు పడి రానక్కర్లేదమ్మా" అన్నంతవరకే సూర్యకళకి వినపడింది. ఆమె ఊచలు పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

కాసేపటికి ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పొద్దున్న అన్న మాట గురించి ఏదో అనబోయి అనలేక, మానిటర్ వైపు చెయ్యి చూపించాడు.

"రేపు కొత్తది తెప్పించి బయట బిగించేస్తానమ్మా. ఎలక్ట్రీషియన్‌తో చెప్పి ఆ కుడీ ఎడమా కూడా సరి చేయించేస్తాను. ఎడమకి తోస్తే ఎడమకే వెళ్ళేటట్టు."

"వద్దు బాబూ!" సూర్యకళ ఉలిక్కిపడినట్టు లేచింది. "ఎలాగున్నదలాగే ఉండనివ్వండి. సరి సేసారంటే నా సెయ్యి తప్పిపోద్ది."

గురునాథరావు గారు ఆమె చేతి వైపు చూసి తలూపాడు. నూకాలు ఊచల్లోంచి టీ గ్లాసు లోపల పెట్టి, "ఎప్పుడో పోసిందే, సల్లారిపోనాది. మరోటి పొయ్యమంటావేటే?" అంది.

"పరవాలేదు, ఇలా ఇవ్వు" అని సూర్యకళ ఆ చల్లటి టీ ఒక్క గుక్కలో తాగేసి, వరసలో ఆఖరి లారీ నంబరు చదవడానికి కిటికీలోంచి వంగింది.